స్టువర్టుపురం పాఠం ఉప్పుతో మొదలుపెట్టండి

మా బాపట్ల, చీరాల వైపు హైస్కూళ్ళలో సోషల్ చెప్పేవాళ్ళకి ఇది తెలిసిన గొడవే, స్టువర్టుపురం పేరెత్తితే చాలు వెనక బెంచీల్లోంచి కిసుక్కుమని నవ్వులొస్తాయి, అది దొంగల ఊరని సినిమాలు చూసి చూసి అలా అయిపోయారు, పిల్లల్ని ఏమనలేం. అదే క్లాసులో ఆ ఊరితో ముడిపడ్డ ఎరుకల తెగ పిల్లలూ ఉంటారు, తలొంచుకుని ఏదో రాసుకుంటున్నట్టు కూర్చుంటారు.

కొంతమంది టీచర్లు మంచి మనసుతోనే వాళ్ళలో ఒకణ్ణి లేపి "మీ వాళ్ళ గురించి నువ్వే చెప్పరా" అంటారు. నాకిది అస్సలు నచ్చదు. వేరే కులపు పిల్లల్నెవర్నైనా అలా లేపి అడుగుతామా?

నేనైతే ఉప్పు దగ్గర మొదలెడతా. ఎరుకలవాళ్ళు సముద్రం వైపు నుంచి గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు వేసుకుని లోపలి ఊళ్ళకెళ్ళి అమ్మి, అక్కణ్ణుంచి ధాన్యం తెచ్చుకునేవాళ్ళు. ఈస్టిండియా కంపెనీవాళ్ళు, ఆ తర్వాత దొరల ప్రభుత్వం ఉప్పు మొత్తం గుప్పిట్లో పెట్టుకోవడం, రైలొచ్చి సరుకు మోసెయ్యడం, బుట్టలల్లుకుందామంటే వెదురుకి అడవి చట్టాలు అడ్డం రావడం, ఆ మీద 1876-78 కరువు. వాళ్ళెందుకు దొంగతనం చేశారని అందరూ అడుగుతారు గానీ అంతకుముందు ఏం అమ్ముకుని బతికారని ఎవడూ అడగడు.

ఇక నేరస్థ తెగల చట్టం, అంటే తెగకి తెగనే నేరస్థులని ముద్రేసిన చట్టం. 1871లో ఉత్తరాదిన మొదలై 1911లో మన మద్రాసు వైపుకీ వచ్చింది. తెగ పేరు రిజిస్టర్లోకెక్కితే వేలిముద్రలు, పోలీసుల దగ్గర హాజరు, ఊరు దాటాలంటే పాసు. స్టువర్టుపురం కూడా అలా సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికిచ్చిన సెటిల్‌మెంటే, అంటే ఆ తెగలవాళ్ళని కాపలాలో ఉంచే కాలనీయే, ఊరి పేరు ఒక ఇంగ్లీషు అధికారిది, అక్కడి మనుషులేమో చీరాల పొగాకు కంపెనీకి కూలీలు. ఇక్కడిదాకా చెప్పేసరికి పిల్లలే అడుగుతారు, "ఏ తప్పూ చెయ్యకపోయినా హాజరేంటి సార్?" అని. నవ్వులు ఆగేది అక్కడే.

నెల్లూరు వైపు యానాది తెగవాళ్ళ కోసం, ఈ చట్టం పోవాలని కొట్లాడిన వెన్నెలకంటి రాఘవయ్య గారి పేరు మన జిల్లాల్లో ఎంతమంది పిల్లలకి తెలుసు చెప్పండి? మద్రాసు ప్రాంతంలో 1947లో, దేశమంతా 1952లో చట్టం రద్దయింది, కానీ వెంటనే అలవాటు నేరస్థుల చట్టాలంటూ ఇంకో పేరుతో తెచ్చారు. ఇదీ చెప్పాలి, లేకపోతే కథ సుఖాంతమైపోయిందనుకుంటారు.

ఇంత పాఠం చెప్పి స్కాలర్‌షిప్ ఫారాల టైముకి క్లాసు మధ్యలో నిలబడి "ఎస్టీ వాళ్ళు లేవండి" అని అరిచే స్కూళ్ళున్నాయి చూశారా, ఒళ్ళు మండుతుంది. లిస్టు ఆఫీసులో ఉంటుందిగా, ఇంటర్వెల్లో ఒక్కొక్కర్ని పిలిచి ఫారం చేతిలో పెడితే సరిపోదా?