పద్నాలుగు గంటలని చెప్పాను

చెల్లి క్షేమంగా దిగింది. ఆ మాట ముందే రాసేస్తున్నాను.

నిద్ర పట్టనిది వేరే విషయానికి. తెల్లవారుజామున నాలుగింటికి ఢిల్లీలో విమానం లేచింది. "చిన్నది ఎన్నింటికి దిగుతుందమ్మా?" అన్నారు నాన్న. ఫోనులో రెండు ఊళ్ల పేర్లు కొట్టాను. శాన్‌ఫ్రాన్సిస్కోకు సుమారు 12,400 కిలోమీటర్లు, పద్నాలుగు గంటలు అని చూపించింది. సాయంత్రం ఆరింటికి అని చెప్పాను. ఐదున్నరకే ఆయన ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఆరు దాటింది. ఏడు దాటింది. టీవీ కట్టేయమన్నారు. ఎనిమిదికి కాస్త ముందు గానీ చెల్లి నుంచి కబురు రాలేదు.

ఆ రెండు గంటలూ ఆయన ముఖం చూశాక ఆ లెక్క మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ లెక్క కట్టినవాళ్లు దూరాన్ని గంటకు 900 కిలోమీటర్లతో భాగించి చేతులు దులుపుకున్నారు. వెళ్లేటప్పుడూ అంతే, వచ్చేటప్పుడూ అంతేనట! పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు పరుగెత్తే జెట్ స్ట్రీమ్ గాలి సంగతేమిటి? 2016లో ఎయిర్ ఇండియా ఇదే ప్రయాణాన్ని అట్లాంటిక్ వైపు నుంచి పసిఫిక్ వైపుకు మార్చింది. దూరం 13,900 నుంచి 15,300 కిలోమీటర్లకు పెరిగింది, సమయం మాత్రం రెండు గంటల దాకా తగ్గింది. వెనక నుంచి గాలి తోసింది మరి. ఏ భాగహారం చెబుతుంది ఈ మాట?

చిన్నప్పుడు అట్లాసులో స్కేలు పెట్టి ఇవే రెండు ఊళ్ల మధ్య గీత గీస్తుంటే నాన్న ఆపారు. గ్లోబు తెచ్చి, కుట్టుపెట్టెలోంచి దారం తీసి, ఒక కొస నా వేలి కింద పెట్టారు. "బిగించి పట్టుకో, దారి అదే చెబుతుంది." చెల్లి రెండో కొస పట్టుకుంది. దారం సముద్రాల మీదుగా పోలేదు. జారి జారి ఉత్తర ధ్రువం పక్కకు చేరింది. ప్రపంచం నెత్తి మీదుగా దగ్గరి దారి ఉందని ఆ రోజు ముగ్గురం ఎంతసేపు చూశామో! చెల్లి వేలు తీయనంది.

ఇది రాస్తుంటే నా కోపం నిలవడం లేదు. ఫోను చూపిన 12,400 కిలోమీటర్లు ఆ దారం పొడవే. అది తప్పు కాదు. నాన్న నన్ను అడిగింది దూరం కాదు. దిగే వేళ టికెట్టు మీదే ఉంది, అక్కడి ఉదయం 6:20 అని. తేదీ కూడా ఈ రోజుదే. మన గడియారం అక్కడికన్నా పదమూడున్నర గంటలు ముందు, అవి కలిపితే మన సాయంత్రం 7:50. ఆ కూడిక నేను చేయలేదు.

నాన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

వచ్చే నెల చెల్లి తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగాలి, ఇంకా ఆలస్యం. ఆ టికెట్టు వేళను మన వేళలోకి మార్చి, పెద్ద అక్షరాలతో రాసి, ఇప్పుడే ఆయన కళ్లజోడు కింద పెట్టి వచ్చాను.