పంటి లోపలి ఎంజైములతో నా థీసిస్

ఎండీఎస్‌లో (దంతవైద్యంలో పీజీ) నా థీసిస్ అంశం చెప్పగానే అమ్మ "పళ్ళకి యాసిడ్ పెడతారా!" అని కంగారుపడింది. పెడతాం. తెల్ల ఫిల్లింగ్ గట్టిగా అతుక్కోవాలంటే 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్ రాసి, కొన్ని సెకన్లకే కడిగేస్తాం. కడిగేశాక పంటి లోపల ఏం జరుగుతుందన్నదే చెన్నైలో నా పీజీకి అసలు పని అయింది.

ఎనామెల్ కింది డెంటిన్‌లో బరువు లెక్కన సుమారు 70 శాతం ఖనిజమే. మిగిలినదాంట్లో ముఖ్యమైనది కొలాజెన్. స్లాబులో చువ్వల్లా అది ఖనిజం మధ్య అల్లుకుని ఉంటుంది. యాసిడ్ పైపొర ఖనిజాన్ని కరిగించి ఆ పోగుల్ని బయటపెడుతుంది. ఫిల్లింగ్‌ని అతికించే బాండింగ్ ద్రవం అడుగుదాకా ఇంకకపోతే తడిలో ఉత్త పోగులు మిగిలిపోతాయి. డెంటిన్‌లోనే నిద్రాణంగా ఉన్న ఎంఎంపీలు, కాథెప్సిన్లు అనే ఎంజైములు మేల్కొని వాటిని మెల్లగా తినేస్తాయి. బాక్టీరియా లేకుండానే ఇలా జరుగుతుందని 2004లో డేవిడ్ పాష్లీ అనే దంత పరిశోధకుడి బృందం చూపించింది. ఫిల్లింగ్ బాగా చేసినా కొన్నేళ్ళకి అంచు వదిలేయడానికి ఇదొక కారణం అని చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. అంత శ్రద్ధగా చేసిన పని లోపల్నుంచే పోతోందంటే ఎలా ఊరుకుంటాం?

ఎథిక్స్ కమిటీ అనుమతి టెన్షన్ పెట్టినా, వచ్చేసింది. పళ్ళు సేకరించడమే కష్టం. క్లిప్పుల కోసం తీసిన ముందు దవడ పళ్ళు, జ్ఞానదంతాలు కావాలి, పుచ్చు ఉండకూడదు. నెల్లూరు, గూడూరు వైపు నుంచి వచ్చేవాళ్ళూ ఉంటారు కాబట్టి అంగీకార పత్రం తమిళంతోపాటు తెలుగులోనూ రాయించాను. ఒక పెద్దావిడ "మా మనవరాలి పన్ను దేనికమ్మా?" అని అడిగి, నేను చెప్పిందంతా విని, సంతకం పెట్టింది.

పళ్ళను 0.1 శాతం థైమాల్ అనే క్రిమినాశక ద్రావణంలో చల్లగా దాచి, ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి పొడి చేయాలి. మామూలుగా నూరితే పుట్టే వేడికి ఎంజైములు పాడవుతాయి. ఆ పొడికి రకరకాల యాసిడ్లు పట్టించి, బాగా కడిగి, 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో ఉంచాలి. కొలాజెన్ తెగితే ద్రవంలోకి వచ్చే హైడ్రాక్సీప్రోలిన్‌ని (కొలాజెన్‌లో ఉండే ఒక అమైనో ఆమ్లం) రంగు ద్వారా కొలుస్తాం. ఎంజైముల్ని ఆపే మందు కలిపిన ట్యూబు పక్కన లేకపోతే ఈ కొలత దేనికీ పనికిరాదు. ఎందుకంటే యాసిడ్ కరిగించింది ఎంత, ఎంజైములు తిన్నది ఎంత అనేది ఆ రెండింటి తేడాలోనే తెలుస్తుంది. మా సీనియర్ అక్క ఈ ఒక్క విషయం నాచేత పదే పదే చెప్పించింది.

యాసిడ్ ఎంత ఘాటైతే ఎంజైములు అంత చురుగ్గా ఉంటాయనే లెక్క ఇక్కడ కుదరదు. ఫాస్ఫారిక్ యాసిడ్ ఘాటుకి కొన్ని ఎంజైములు దెబ్బతింటాయి. విడిగా యాసిడ్ జెల్ అక్కర్లేని సెల్ఫ్-ఎచ్ బాండింగుల్లోని తేలికపాటి ఆమ్లత్వం వాటిని పాడుచేయకుండానే లేపగలదు. లోహాల్ని పట్టి లాగే ఈడీటీఏ అనే రసాయనం దారి వేరు. ఖనిజాన్ని తీస్తూనే, ఎంఎంపీలకు అవసరమైన కాల్షియం, జింక్‌లను కూడా లాగేస్తుంది. అయితే ఫాస్ఫారిక్ యాసిడ్ పోగుల్ని ఎక్కువ లోతుదాకా బయటపెడుతుంది, మిగిలిన కొద్ది ఎంజైములకీ మేత దొరుకుతుంది. నా ట్యూబుల్లోనూ ఈ రెండు బలాలూ ఒకదాన్నొకటి లాగడమే కనిపించింది.

ఇప్పుడు క్లినిక్‌లో జెల్ ముందు ఎనామెల్ మీద పెడతాను, డెంటిన్ మీద 15 సెకన్లు దాటనివ్వను. కడిగాక 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశక మందు రాసి, పూర్తిగా ఆరనివ్వకుండా బాండింగ్ వేస్తాను. అది ఎంజైముల్ని కొంతకాలమే ఆపుతుంది, మెల్లగా నీటిలోకి జారిపోతుంది. అంతకన్నా ఎక్కువ కాలం నిలిచేది దొరికితే దానిమీదే మళ్ళీ పని చేయాలని ఉంది.