బ్యాండ్ సార్ చూపు చివరి వరుస మీదే

స్పోర్ట్స్ డే నాడు అందరి కళ్లూ ముందు నడిచే డ్రమ్ మేజర్ చేతి కర్ర మీదా, తళతళలాడే ట్రంపెట్ల మీదా ఉండేవి. మన బడి బ్యాండ్ సార్ మాత్రం మైదానం అవతలి మూలన మలుపు తిరుగుతున్న ఆరో తరగతి పిల్లల బూట్లు చూస్తుండేవారు. పెద్ద డ్రమ్ దెబ్బకు వాళ్ల ఎడమ కాలు పడుతోందా లేదా, అదొక్కటే ఆయనకు లెక్క. బడి మొత్తాన్ని ఒకే అడుగున నడిపించడానికే బ్యాండ్ ఉందని, పాట సొంపు తర్వాతి సంగతని ఆయన పట్టింపు. సాయంత్రం ఆఖరి బెల్లు కొట్టాక ఆయన చేయించిన పనంతా ఆ పట్టింపులోంచి పుట్టిందే.

క్విక్ మార్చ్‌లో (చురుకైన కవాతు నడకలో) నిమిషానికి 120 అడుగులు, అంటే అరసెకనుకొకటి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. బ్యాండ్ వేదిక పక్కన నిలబడి వాయిస్తుంటే 85 మీటర్ల దూరాన ఉన్న జట్టుకు దెబ్బ పావు సెకను ఆలస్యంగా చేరుతుంది. అంటే సగం అడుగు తేడా. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్ లాంటి విశాలమైన చోట 170 మీటర్లు దాటితే లెక్కే తిరగబడుతుంది: ఇక్కడ ఎడమ పడేటప్పటికి అక్కడ కుడి పడుతుంది. అందరూ చెవినే నమ్మితే కొంత నయం. కానీ ఒకే జట్టులో కొందరు ముందున్న జట్టు కాళ్లు చూసి అడుగేస్తారు, కొందరు డ్రమ్ విని వేస్తారు. వరుస చెదిరేది అక్కడే. పిల్లలకు శ్రద్ధ లేదని పీటీ సార్ కేకలేస్తుంటే, అది శ్రద్ధకు సంబంధించింది కాదని బ్యాండ్ సార్‌కు తెలుసు. అవతలి పక్కన ఉన్నంతసేపూ జట్టు నాయకుడి గొంతే వినాలి, వేదిక వైపు మలుపు తిరిగాక డ్రమ్‌ను అందుకోవాలి, తేడా ఉంటే అక్కడే ‘కదమ్ బదల్’ (అడుగు మార్చు) అని చెప్పాలి. ఆయన నియమం ఇదే. దూరంగా ఇంకో పెద్ద డ్రమ్ పెడదామని ఎవరో ఒకరు ఏటా సలహా ఇచ్చేవారు. రెండు చోట్ల నుంచి రెండు దెబ్బలు వినిపిస్తే ఉన్న గందరగోళం రెట్టింపవుతుంది.

బడి గోడ ఇంకో శత్రువు. బ్యాండ్‌కు ఎదురుగా 40 మీటర్ల దూరంలో మూడంతస్తుల గోడ ఉంటే, శబ్దం పోయి రావడానికి పావు సెకనుకు కాస్త తక్కువ పడుతుంది. ప్రతిధ్వని దాదాపు సరిగ్గా రెండు దెబ్బల నడుమ వచ్చి కూర్చుంటుంది. నడిచేవాళ్లకు నిమిషానికి 240 దెబ్బలు వినిపిస్తాయి. అందుకే సార్ బ్యాండ్‌ను గోడకు వీపు ఆనేంత దగ్గరగా, ముఖాలు మైదానం వైపు ఉండేలా నిలబెట్టేవారు. ఫొటోలకు వెలుతురు బాగుండదని మేనేజ్‌మెంట్ గొణిగినా ఆయన జరిగింది లేదు.

ఆయన ఫౌజీ బ్యాండ్‌లో రిటైరై వచ్చినవారు. జంట నగరాల్లో కంటోన్మెంట్ ఉండటం మన బడులకు కలిసొచ్చింది. తిరుమలగిరి, బొల్లారం వైపు స్థిరపడిన మాజీ సైనికుల్లోంచి ఇలాంటి సార్లు దొరికేవారు. ఆర్మీలో సంగీతం నేర్పే విభాగం మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో ఉంది. ఆ పద్ధతే మన మైదానానికీ వచ్చింది. ఆదేశాలన్నీ ఫౌజీ హిందీలో: తేజ్ చల్ (చురుగ్గా నడు), కదమ్ తాల్ (ఉన్నచోటే అడుగులెయ్), దాహినే దేఖ్ (కుడివైపు చూడు), థమ్ (ఆగు). చీవాట్లు మాత్రం శుభ్రమైన తెలుగులో.

పిల్లల ఎంపికలో ఆయన చూసేవి వేరు. పెద్ద డ్రమ్ ఒడ్డూ పొడుగూ ఉన్నవాడికి ఇస్తారనుకుంటాం. ఆయన నిదానస్తుడికి ఇచ్చేవారు. చప్పట్లు మోగగానే పుల్లలతో వాయించే చిన్న సైడ్ డ్రమ్ చేతులు ఉరుకుతాయి, 120 కాస్తా 130 అవుతుంది. ఆ ఉరుకును ఆపగలిగేది పెద్ద డ్రమ్ ఒక్కటే. చేతి గడియారం చూసి 15 సెకన్లలో 30 దెబ్బలు లెక్కపెట్టేవారు. 31 వస్తే ఊరుకునేవారు, 32 వస్తే మళ్లీ మొదటి నుంచి. ట్రంపెట్‌కు ముందు పళ్లు గట్టిపడి ఉండాలి కాబట్టి ఆరో తరగతికి ముందు ఎవరికీ ఇచ్చేవారు కాదు. పళ్లకు క్లిప్పులు పెట్టించుకున్నవాళ్లకు ట్రంపెట్ ఊదితే లోపలి పెదవి కోసుకుంటుంది. వాళ్లను యూఫోనియం అనే పెద్ద ఇత్తడి బాకాకు మార్చేవారు, దాని మౌత్‌పీస్ వెడల్పు కాబట్టి ఒత్తిడి తక్కువ. తాళాలు ఎవరైనా వాయించొచ్చని అనుకునేవాళ్లకు మొదటి రోజే తెలిసొచ్చేది. రెండు రేకులనూ చప్పట్లలా సూటిగా కొడితే మధ్యలో గాలి చిక్కుకుని ‘బొప్’మంటుంది. అంచులు కాస్త పక్కకు తప్పించి, ఏటవాలుగా తగిలించాలి.

సైడ్ డ్రమ్ నేర్చుకునేవాళ్లకు తొలి నెల డ్రమ్ ముట్టే యోగమే ఉండదు. చెక్క మీద సైకిల్ ట్యూబ్ ముక్క బిగించి దాని మీద సాధన. ఒక్కో చేత్తో ఒక్కో దెబ్బ, తర్వాత రెండేసి, ఆ తర్వాత కుడి-ఎడమ-కుడి-కుడి, ఎడమ-కుడి-ఎడమ-ఎడమ. దాన్ని ‘త క ది మి’ అని నోటితో పలికించాకే పుల్ల పట్టనిచ్చేవారు. డ్రమ్ పట్టీకి వేలాడి ఎడమ తొడ వైపు వాలుతుంది, కాబట్టి ఎడమ చేతిలో పుల్ల బొటనవేలి సందులో పడుకుని, అరచెయ్యి పైకి ఉండాలి. పాతబస్తీ పెళ్లిళ్లలో మర్ఫా డప్పుల మోత వింటూ పెరిగిన పిల్లలకు చేతుల్లో సహజంగానే ఊపు ఉండేది. ఆ ఊపును మార్చ్‌లోకి రానివ్వకుండా ఆపడం సార్‌కు పెద్ద పని. ఆపుతూనే లోలోపల ముచ్చటపడేవారని నా అనుమానం.

ఆగస్టు 15 సాధన సరిగ్గా వానల్లోనే వస్తుంది. పాత డ్రమ్ములకు మేక తోలు ఉండేది. తేమ పీల్చి జారిపోయి దుప్పటి దులిపినట్టు మోగేది. ఎండ లేకపోతే కాగితాల మంటకు దూరం నుంచి కాచేవారు. దగ్గరకు పెడితే తోలు చిట్లుతుంది. తర్వాత తోలు బదులు ప్లాస్టిక్ తొడుగులు వచ్చాయి. వానకు జారవు గానీ బిగించడం తెలియకపోతే అంచున చిరుగుతాయి. ఒక బోల్టు బిగించాక పక్కదాని జోలికి పోకూడదు, దాని ఎదుటిదాన్ని తిప్పాలి. ఒక్కోసారి అర చుట్టే. ఒకవైపే బిగించుకుంటూ పోతే రింగు వంకరపోయి బోల్టు మర అరిగిపోతుంది. కింది తొడుగు మరీ పలచన. డ్రమ్‌ను అక్కడ వేళ్లతో పట్టుకుని ఎత్తినవాడికి ఆ రోజు టిఫిన్ బ్రేక్ లేనట్టే.

జనవరి 26 కష్టం వేరు. హైదరాబాద్‌లో ఆ పొద్దున 15 డిగ్రీల చలి మామూలే. వేళ్లతో నొక్కే వాల్వులకు వేసే వాల్వ్ ఆయిల్ దొరక్క ఇంట్లోంచి కొబ్బరినూనె తెచ్చి పోసిన ట్రంపెట్లు ఆ రోజే మొరాయించేవి. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, వాల్వు కిందికి పోతే పైకి రాదు. మూడు వాల్వులూ విప్పి తుడిచి తొందరలో తిరిగి పెట్టేటప్పుడు ఒకటో నంబరుది రెండో గొట్టంలో పెడితే గాలి అసలు పోదు. పిల్లవాడు ట్రంపెట్ పగిలిందని ఏడుపు మొదలెడతాడు. సార్ వాల్వు మీది నంబరు చూపించి ఊరుకునేవారు. చలికి ఇత్తడి వాయిద్యాల శ్రుతి కూడా దిగుతుంది. అందుకే వాయించే ముందు పది నిమిషాలు గొట్టంలోకి వెచ్చటి ఊపిరి ఊదించేవారు, శ్రుతి కలపడం ఆ తర్వాతే. మళ్లీ ఎండలో అరగంట నిలబడితే శ్రుతి పైకి పోతుంది, శ్రుతి సరిచేసే జారుడు గొట్టాన్ని (ట్యూనింగ్ స్లైడ్) కాస్త బయటికి లాగాలి.

జాతీయగీతం దగ్గర ఆయనకు రాజీ లేదు. బ్యాండ్ వాయించేటప్పుడు ముందు డ్రమ్ రోల్ (ఆగకుండా మోగే డ్రమ్ నాదం) ఉండాలన్నది ప్రభుత్వ నియమం. స్లో మార్చ్‌లో ఏడు అడుగులంత సేపు, మెల్లగా మొదలై, వీలైనంత గట్టిగా పెరిగి, మళ్లీ తగ్గి, ఏడో అడుగు దాకా వినిపిస్తూనే ఉండాలి. తర్వాత ఒక దెబ్బంత నిశ్శబ్దం, అప్పుడు గీతం. పూర్తి గీతం సుమారు 52 సెకన్లు. పిల్లల బ్యాండ్ మామూలుగా నిమిషం దాటించేస్తుంది. కారణం ఊపిరి. అందరూ ఒకేచోట ఆగి గాలి పీలుస్తారు, ప్రతి పాదం చివరా కాస్త సమయం జారుతుంది. ఒక వరుస ‘జయహే’కు ముందు, ఇంకో వరుస తర్వాత ఊపిరి తీసుకునేలా ఆయన నోట్సు కాగితాల మీద ఎర్ర పెన్సిల్‌తో టిక్కులు పెట్టేవారు.

పదో తరగతి వాళ్లను దసరా సెలవుల తర్వాత తప్పించేసేవారు. మార్చిలో బోర్డు పరీక్షలు కాబట్టి లెక్కల టీచరుతో గొడవ ఉండకూడదని. దానికి ముందుచూపుగా ప్రతి వాయిద్యానికీ తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు, ఏడో తరగతి పిల్లవాడొకడు జతగా ఉండేవారు. ఏటా మంచి చేతులు పోతాయని ఆయన నిట్టూర్చగా చూడలేదు. బ్యాండ్ అంటే సగం మంది ఎప్పుడూ కొత్తవాళ్లేనని తేల్చేసేవారు.

ఈ సంచిక సందర్భంగా మన బడి పాత విద్యార్థులు కొందరు బ్యాండ్‌కు కొత్త వాయిద్యాలు ఇద్దామంటున్నారు. ముందు పాత ట్రంపెట్ల కింద నీళ్లు వదిలే మీట దగ్గరి కార్క్ చూడండి. అది అరిగితే గాలి కారి కింది స్వరాలు పలకవు, వాయిద్యమే పోయిందని మూలన పడేస్తారు. వేలిగోరంత ముక్క మారిస్తే చాలు. డ్రమ్ తొడుగులు పైవి, కిందివి వేరువేరుగా అడగండి. వాల్వ్ ఆయిల్ సీసాలు ఏడాదికి సరిపడా తీసుకోండి. లక్కపూత ఉన్న వాయిద్యాలను చింతపండుతోనో బ్రాసోతోనో తోమొద్దని ఆయమ్మలకు చెప్పించండి, పూత లేచిపోతుంది. కొత్త పెద్ద డ్రమ్ కొంటే దాని పట్టీకి అదనంగా నాలుగు రంధ్రాలు కొట్టించండి, ఈసారి దాన్ని మోసేది ఏడో తరగతి పిల్ల అట.