ఫాస్టిఫై ప్లగిన్ రాయడం నేర్చుకున్న తీరు

నోడ్.జేఎస్‌లో వెబ్ సర్వర్లు రాయడానికి వాడే ఫ్రేమ్‌వర్క్ అయిన ఫాస్టిఫైతో ఏపీఐలు రాయడం బాగా అలవాటైన తరువాత కూడా, ఇతరుల ప్లగిన్లను వాడుకోవడమే తప్ప సొంతంగా ఒకటి రాయవలసిన అవసరం నాకు చాలాకాలం కలగలేదు. రిక్వెస్ట్ పంపినవారెవరో తెలిపే టోకెన్‌ను సరిచూసే కోడ్‌నే ప్రతి సర్వీసులోకీ కాపీ చేయవలసి రావడంతో, దాన్ని ప్లగిన్‌గా విడదీయాలని నిశ్చయించుకున్నాను.

ఫాస్టిఫైలో ప్లగిన్ అంటే ఒక ఫంక్షన్, అంతే. అది సర్వర్ ఇన్‌స్టాన్స్‌ను, ఆప్షన్లను, పని ముగిసిందని తెలియజేసే డన్ కాల్‌బ్యాక్‌ను తీసుకుంటుంది. ఫంక్షన్‌ను అసింక్‌గా రాస్తే డన్‌తో పని లేదు, రెండింటినీ కలపకూడదు. డన్‌ను తీసుకుని పిలవకుండా వదిలేస్తే, వేరే సెట్టింగ్ ఏదీ ఇవ్వనప్పుడు, సర్వర్ 10 సెకన్లు వేచి చూసి టైమవుట్ ఎర్రర్ ఇస్తుంది.

అసలు విషయమంతా పరిధిలో, అంటే ఒక ప్లగిన్‌లో జోడించినది ఎక్కడెక్కడ కనిపిస్తుందన్న దానిలో ఉంది. దాన్ని పరీక్షించడానికి, పక్కపక్కనే రెండు ప్లగిన్లను రిజిస్టర్ చేసి, మొదటిదానిలో, ఇన్‌స్టాన్స్‌కు కొత్తవి తగిలించే డెకొరేట్‌తో ఒక ఫంక్షన్‌ను జోడించి, రెండవదానిలో అది ఉందా అని హ్యాజ్‌డెకొరేటర్‌తో అడిగి చూశాను. ఫాల్స్ అని వచ్చింది. రిజిస్టర్ పిలిచిన ప్రతిసారీ, పై ఇన్‌స్టాన్స్‌ను ప్రోటోటైప్‌గా చేసుకున్న కొత్త ఇన్‌స్టాన్స్ ఒకటి పుడుతుంది కాబట్టి, పైన ఉన్నవి కిందికి కనిపిస్తాయి గాని, కింద జోడించినవి పైకి గాని పక్కకు గాని పోవు. మరో ఫ్రేమ్‌వర్క్ అయిన ఎక్స్‌ప్రెస్ మిడిల్‌వేర్‌కు అలవాటుపడినవారికి ఇది మొదట్లో విసుగు పుట్టిస్తుంది. కాని ఒక మూల పెట్టిన హుక్ (రిక్వెస్ట్ నడిచే దారిలో ఒక దశలో నడిచే ఫంక్షన్) మరో మూలనున్న రూట్లను (ఒక్కో యూఆర్ఎల్‌కు జవాబిచ్చే భాగాలను) తాకదన్న హామీ పెద్ద ప్రాజెక్టులో ఎంత విలువైనదో త్వరలోనే అర్థమవుతుంది.

ఈ కట్టుబాటును సడలించడానికి ఫాస్టిఫై-ప్లగిన్ అనే ప్యాకేజీ ఉంది. దాని సోర్స్ చాలా చిన్నది, చదివితే గుట్టు తెలిసిపోతుంది: అది మన ఫంక్షన్ మీద స్కిప్-ఓవర్‌రైడ్ అనే సింబల్‌ను పెడుతుంది, దానితో కొత్త ఇన్‌స్టాన్స్ సృష్టి జరగదు. అందువల్ల, అందరికీ అందవలసిన నా టోకెన్ ప్లగిన్‌ను అందులో చుట్టాను. రూట్లున్న ఫైళ్లను మాత్రం చుట్టకూడదని నా అభిప్రాయం, ఎందుకంటే అలా చేస్తే రిజిస్టర్‌కు ఇచ్చిన ప్రిఫిక్స్ (యూఆర్ఎల్ ముందు చేరే భాగం) ఆ రూట్లకు వర్తించదు.

టోకెన్‌లో దొరికిన వాడుకరి వివరాలను రిక్వెస్ట్‌కు తగిలించడం తరువాతి పని. హుక్‌లోనే నేరుగా రిక్వెస్ట్.యూజర్ అని రాసేస్తే పని జరుగుతుంది, కాని రిక్వెస్ట్ ఆబ్జెక్టుల ఆకృతి మధ్యలో మారిపోవడంతో జావాస్క్రిప్ట్ ఇంజిన్ చేసే ఆప్టిమైజేషన్ దెబ్బతింటుంది. కనుక ముందే డెకొరేట్‌రిక్వెస్ట్‌తో యూజర్ అనే స్థానాన్ని నల్ విలువతో ప్రకటించి, హుక్‌లో దాన్ని నింపాలి. నల్‌కు బదులు ఖాళీ ఆబ్జెక్టు ఇస్తే 5వ వెర్షన్ ఒప్పుకోదు, ఎర్రర్ ఇస్తుంది. అది సబబే: ఒకే ఆబ్జెక్టు అన్ని రిక్వెస్టులకూ ఉమ్మడి అయితే, ఒకరి వివరాలు మరొకరి రిక్వెస్టులో బయటపడే ప్రమాదం ఉంటుంది.

హుక్‌గా ఆన్‌రిక్వెస్ట్‌ను ఎంచుకున్నాను. ఆ దశలో బాడీ ఇంకా పార్స్ కాదు. టోకెన్ హెడర్‌లోనే ఉంటుంది కాబట్టి, చెల్లని రిక్వెస్టును బాడీ చదివే శ్రమ లేకుండానే, గుర్తింపు సరిపోలేదని తెలిపే 401 కోడ్‌తో వెనక్కి పంపవచ్చు. బాడీలోని విలువను బట్టి అనుమతి తేల్చవలసి వస్తే, బాడీ పార్స్ అయ్యాక నడిచే ప్రీవ్యాలిడేషన్ లేదా ప్రీహ్యాండ్లర్ హుక్ దాకా ఆగవలసిందే.

పరీక్షలు రాయడం మాత్రం హాయిగా సాగింది. ఇంజెక్ట్ అనే మెథడ్ పోర్టు తెరవకుండానే రిక్వెస్టును పంపినట్టు నడిపిస్తుంది కాబట్టి, సరైన టోకెన్, గడువు తీరిన టోకెన్, అసలు హెడరే లేని రిక్వెస్టు అనే మూడు సందర్భాలనూ చిటికెలో సరిచూడగలిగాను. చివరగా ప్లగిన్‌కు పేరు పెట్టి, అది ఆధారపడే ప్లగిన్లనూ ఫాస్టిఫై వెర్షన్‌నూ మెటాడేటాలో పేర్కొన్నాను. కావలసిన ప్లగిన్ లేకపోయినా, వెర్షన్ పొసగకపోయినా సర్వర్ మొదలయ్యేటప్పుడే ఎర్రర్ వస్తుంది. టైప్‌స్క్రిప్ట్ వాడేవారి కోసం ఫాస్టిఫై‌రిక్వెస్ట్ ఇంటర్‌ఫేస్‌కు యూజర్ టైపును జోడించే డిక్లరేషన్ ఫైలును కూడా ప్యాకేజీలో చేర్చాను. అది లేకపోతే వారి ఎడిటర్‌లో రిక్వెస్ట్.యూజర్ కింద ఎర్ర గీత పడుతుంది.