పాట ఎక్కేలోపే అయిపోతోంది!

రాత్రి మళ్ళీ 'మ్యాడ్‌విలనీ' పెట్టుకున్నాను. రాపర్ ఎంఎఫ్ డూమ్, బీట్లు కట్టే మ్యాడ్‌లిబ్, ఇద్దరూ కలిసి 2004లో తెచ్చిన అమెరికన్ ఆల్బమ్. 22 ట్రాకులున్నా మొత్తం 46 నిమిషాలే. చాలావాటికి పల్లవే ఉండదు. మనకేమో పల్లవి, రెండు చరణాలు లేకపోతే పాట విన్నట్టే అనిపించదాయె!

మొదటిసారి నాలుగో ట్రాకు దగ్గరే ఆపేశాను. మా రూమ్మేట్ అయితే "రేడియోని మిక్సీలో వేసినట్టుందిరా" అన్నాడు. మా చెల్లి మాట వేరే: "బాగుంది అన్నయ్యా, కానీ పాట ఎక్కేలోపే అయిపోతోంది." ఆ మాట నిజమే. అందుకే మళ్ళీ మళ్ళీ వినాల్సొస్తుంది.

అభిమానుల అసలు గొడవ మాత్రం గొంతు గురించి. విడుదలకి ఏడాదికి పైగా ముందే, సగం తయారైన ఆల్బమ్ లీకైపోయింది. తర్వాత డూమ్ తన గొంతు తగ్గించి, నెమ్మదిగా మళ్ళీ రికార్డు చేశాడు. లీకైన దాంట్లోనే ఊపు ఉందని ఇప్పటికీ వాదించేవాళ్ళున్నారు. నా ఓటు రెండోదానికే. నిద్రలేచి ఇంకా టీ తాగని మనిషి గొంతులా ఉంటుంది. ఆ బద్ధకంలోంచే ప్రాసలు ఒకదాని మీద ఒకటి పడుతుంటే తమాషాగా ఉంటుంది. ఇంగ్లీషు మాటలు సగం అర్థం కావు, అది వేరే సంగతి.

అకార్డియన్ మోగే పాట వస్తుంటే అమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది.

"హార్మోనియం ఎవరు వాయిస్తున్నార్రా? మన భజన వాళ్ళేనా?"