సమాధి ఘట్టం దగ్గర

'అరుంధతి' సినిమా 2009 జనవరిలో విడుదలైంది. ఎక్కడ చూసినా దాని గురించే మాట్లాడుకుంటున్న రోజుల్లో అమ్మ, తమ్ముడు, నేను కలిసి వెళ్లాం. పశుపతిని ప్రాణాలతో ఉండగానే కట్టడి చేసి, అతని చుట్టూ సమాధి కట్టేసే ఘట్టం వచ్చింది. గోడలు లేస్తున్నాయి, లోపలి నుంచి అరుపులు వినిపిస్తున్నాయి. అప్పుడు ఎవరో అరచేత్తో నా ఛాతీని నొక్కినట్టయింది.

మొదట భయపడ్డానని కూడా అనుకోలేదు, గాలి సరిగా ఆడటం లేదనుకున్నాను. గట్టిగా పీల్చాను, చాలలేదు. ఇంకా గట్టిగా పీల్చాను. వేళ్ల చివర్లు తిమ్మిరెక్కాయి, తర్వాత పెదవుల చుట్టూ కూడా. గుండె చప్పుడు సినిమా చప్పుడు కంటే పెద్దగా వినిపించింది. ముచ్చెమటలు పట్టాయి. ఎడమ చేయి బరువెక్కినట్టు అనిపించగానే నాకు నాన్న గుర్తొచ్చారు. అంతకు రెండేళ్ల ముందు, ఒక తెల్లవారుజామున ఆయన మంచం అంచున కూర్చుని కుడి చేత్తో ఎడమ భుజాన్ని నిమురుకుంటూ, "కాసేపట్లో తగ్గుతుందిలే" అన్నారు. తగ్గలేదు. ఆయనకు అప్పుడు యాభై రెండేళ్లు.

"తమ్ముడూ, నాకు కూడా వచ్చేసింది" అన్నాను. అంతకుమించి చెప్పాల్సిన పని లేకపోయింది. వాడు నన్ను దాదాపు మోసుకుంటూ బయటకు తీసుకొచ్చాడు.

అత్యవసర విభాగంలో నాడి 128 ఉంది. ఈసీజీ తీశారు, గుండె కండరం దెబ్బతిన్నదేమో తెలుసుకోవడానికి రక్తపరీక్ష చేశారు, కొన్ని గంటల తర్వాత మళ్లీ చేశారు. అన్నీ బాగానే ఉన్నాయి. తర్వాత థైరాయిడ్, హిమోగ్లోబిన్ కూడా చూశారు, అవీ బాగానే ఉన్నాయి. "ఏమీ లేదు, టెన్షన్ పడ్డారంతే" అని ఇంటికి పంపారు. ఆ మాట అన్నవారిని నేనిప్పుడు తప్పుపట్టను. కానీ ఒళ్లంతా అంత చేసిన తర్వాత 'ఏమీ లేదు' అన్న మాట నాలో ధైర్యం నింపలేదు. వీళ్లకు దొరకనిది ఏదో ఉందన్న అనుమానాన్నే పెంచింది. తర్వాతి నాలుగు నెలల్లో ఇంకో మూడు ఈసీజీలు తీయించుకున్నాను.

జబ్బు అసలు స్వరూపం ఆ మొదటి రోజున లేదు, ఆ తర్వాతి నెలల్లో ఉంది. మొదట థియేటర్లు మానేశాను. తర్వాత ఇంట్లో ఎవరైనా సినిమా పెడితే పక్కగదిలోకి వెళ్లిపోయేదాన్ని. తర్వాత లిఫ్టు మానేశాను. కిటికీ తెరుచుకోని గదులు, తలుపు దగ్గర చోటు దొరకని సమావేశాలు, దూరం బస్సులు, చివరికి తలస్నానం చేసేటప్పుడు ముఖం మీద నీళ్లు పోసుకోవడం కూడా. ఒక్కొక్కటి మానేసినప్పుడల్లా ఆ క్షణానికి ప్రాణం కుదుటపడేది. ఆ కుదుటపడటమే నన్ను ముంచింది. మానేసినందువల్లే బతికానని ఒంటికి నేనే నేర్పుతున్నానని అప్పుడు నాకు తెలియదు.

ఇంకో భయం కూడా ఉండేది. దాన్ని ఎవరికీ చెప్పలేదు. 'చంద్రముఖి' 2005లో వచ్చినప్పుడు ఎంతో ఇష్టంగా చూసిన సినిమా నాకు. అందులో గంగ తనకు తెలియకుండానే ఇంకొకరిలా మారిపోతుంది. రాత్రుళ్లు నిద్ర పట్టక పడుకున్నప్పుడు ఆమె కళ్లే కనబడేవి. నా మనసు నా చేతుల్లోంచి జారిపోతోందా, రేపు నేనూ ఇంట్లోవాళ్లను గుర్తుపట్టనా అని వణికిపోయేదాన్ని. మనోవ్యాధి అంటే నాకు అంతకుముందు తెలిసిన రూపం అదొక్కటే కాబట్టి, నాకొచ్చిందీ అదేననుకున్నాను. ఆ సినిమా మీద నాకు కోపం లేదు. మానసిక వైద్యుణ్ణి కథానాయకుణ్ణి చేసి, దెయ్యమని అందరూ అనుకున్నదాన్ని జబ్బు అని చెప్పించిన సినిమా అది. ఆ పని ఎన్ని సినిమాలు చేశాయి? నా ఫిర్యాదు ఒక్కటే. అందులో రోగి ఒక్క రాత్రిలో, ఒక్క నాటకీయ ఘట్టంతో బాగుపడిపోతుంది. నాకు పదకొండు నెలలు పట్టింది, అందులో నాటకీయమైన రోజు ఒక్కటీ లేదు.

అయిదో నెలలో ఒక మానసిక వైద్యురాలి దగ్గరకు వెళ్లాను. ఆవిడ ఈసీజీలన్నీ ఓపిగ్గా చూసి పక్కన పెట్టి, "మీ గుండె బాగుంది. కానీ మీకు ఏమీ లేదని నేను అనను. మీకు ఉన్నదానికి పానిక్ డిజార్డర్ అని పేరు" అన్నారు. నేను ఏడ్చేశాను. పేరు దొరికితే ఇంత ఊరట ఉంటుందని అనుకోలేదు. ఒకటి రెండు సార్లు పానిక్ అటాక్ రావడం చాలామందికి జరుగుతుందట. అవి ఉన్నట్టుండి పదేపదే వస్తూ, మళ్లీ వస్తుందేమోనన్న దిగులు కనీసం నెల రోజుల పాటు వదలకుండా ఉన్నా, ఆ దిగులుతో బతుకు తీరే మారిపోయినా అది జబ్బు అవుతుంది. నాకు రెండూ జరిగాయి.

సెర్ట్రలిన్ అనే మందు తక్కువ మోతాదుతో మొదలుపెట్టారు. మొదటి రెండు వారాలు దడ తగ్గకపోగా కొంచెం పెరిగింది. అలా జరగొచ్చని ముందే చెప్పి ఉండకపోతే ఆపేసేదాన్నే. అయిదో వారానికి కింద నేల ఉన్నట్టు అనిపించింది. మందు గురించి ఇంతకంటే చెప్పేది లేదు. అది పనిచేసింది, ఏడాది పైగా వాడాను, ఆవిడ చెప్పిన పద్ధతిలో కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ మానేశాను. ఉన్నట్టుండి మానకూడదు.

చెప్పాల్సింది థెరపీ గురించే.

మొదటి నెలలో థెరపిస్టుగారు సినిమాల ఊసే ఎత్తలేదు. ఒక సన్నని స్ట్రా ఇచ్చారు. ముక్కు మూసుకుని ఒక్క నిమిషం పాటు దానిలోంచి మాత్రమే ఊపిరి పీల్చాలి. ఇరవయ్యో సెకనుకే ఛాతీ బిగుసుకుంది, ముప్పయ్యో సెకనుకు థియేటరు, సమాధి, నాన్న మంచం, అన్నీ వచ్చేశాయి. స్ట్రా లాగేశాను. ఆవిడ గడియారం చూసి, ముప్పై రెండు అని కాగితం మీద రాసి, "ఇంకోసారి చేద్దామా?" అన్నారు. ఆ గొంతులో తొందర గానీ, జాలి గానీ లేవు. ఆ రోజు ఆరుసార్లు చేశాను. ఆరోసారి నిమిషం పూర్తయింది. ఛాతీ బిగుసుకోవడం ఆగలేదు, ఊపిరి ఆడనట్టే ఉంది. కానీ నేను చావలేదు, నా కళ్ల ముందే సెకన్ల ముల్లు పూర్తిగా ఒక చుట్టు తిరిగింది. ఆ స్ట్రా ఇప్పటికీ నా సొరుగులో ఉంది. ఒక చివర పంటిగాట్లతో నలిగిపోయింది.

కావాలని గబగబా ఊపిరి పీల్చడం, కుర్చీలో గిరగిరా తిరగడం, ఉన్నచోటే పరుగెత్తడం, ఇవీ చేయించారు. గబగబా పీల్చినప్పుడు అదే తిమ్మిరి, వేళ్ల చివర్లలో, పెదవుల చుట్టూ. థియేటరులో గాలి తక్కువై కాదు, ఎక్కువ పీల్చినందువల్లే అలా అయిందని అప్పుడు తెలిసింది. ఊపిరి అతిగా తీసుకుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, దానివల్లే తిమ్మిరి, తలతిరుగుడు, ఇంకా గాలి కావాలన్న ఆరాటం. ఆ లక్షణాలను నేను గుండెపోటుగా చదువుకున్నాను, ఆ చదవడం వల్ల భయం పెరిగింది, భయం వల్ల ఊపిరి ఇంకా పెరిగింది. ఒంటిలోని మామూలు మార్పుకు ఘోరమైన అర్థం చెప్పుకోవడమే పానిక్‌ను నడిపిస్తుందని డేవిడ్ క్లార్క్ అనే మనస్తత్వవేత్త 1986లోనే వివరించాడట. ఎడమ చేయి బరువుకు నేను చెప్పుకున్న అర్థం నాన్న.

తర్వాత సినిమా వంతు వచ్చింది. డిస్కు తెచ్చుకుని, ఆ ఒక్క ఘట్టాన్ని రోజూ చూడాలి. భయాన్ని సున్నా నుంచి వంద వరకు కొలిచి నోటుపుస్తకంలో రాయాలి. అంకె సగానికి దిగేవరకు లేవకూడదు. రిమోటు చేతిలో ఉండకూడదు. ఈ ఆఖరిది వినడానికి చిన్న విషయంలాగే ఉంది గానీ, నా బొటనవేలు ఎప్పుడూ ఆపే మీట మీదే ఉండేదని అప్పుడే గమనించాను.

ఇక్కడ తమ్ముడి సంగతి చెప్పాలి. ఆ నెలలన్నిటిలో వాడు నాకు పెట్టని కోటలా నిలబడ్డాడు. ఇంట్లో సినిమా నడుస్తుంటే నా పక్కన కూర్చుని, "అక్కా, కళ్లు మూసుకో, అయిపోయాక చెబుతాను" అనేవాడు. ఏ సినిమాలో ఎక్కడ ఏమొస్తుందో ముందే కనుక్కుని వచ్చేవాడు. థెరపిస్టుగారు వాణ్ణి ఒకరోజు పిలిపించి, ఇకనుంచి అలా చెప్పొద్దన్నారు. వాడి ముఖం వాడిపోయింది. "మరి నేనేం చెయ్యాలి మేడం?" అని అడిగాడు. "పక్కన కూర్చోండి. మాట్లాడకండి" అన్నారావిడ. ప్రేమతో చేస్తున్న పనిని ఆపమనడం ఎంత కష్టమో వాడి చేతులు చూస్తే తెలిసింది. మోకాళ్ల మీద పెట్టుకుని, ఏం చేయాలో తెలియక గోళ్లు గిల్లుకుంటున్నాడు.

ఆ కళ్లు మూసుకోవడం గురించి నేను చాలా ఆలోచించాను. 1975లో వచ్చిన 'జాస్' సినిమా కోసం తయారుచేసిన యంత్రపు షార్కు చిత్రీకరణలో మాటిమాటికీ మొరాయించిందట. దానివల్ల సగానికి పైగా సినిమాలో షార్కును పూర్తిగా చూపించకుండానే నడపాల్సి వచ్చింది. కనబడనందువల్లే జనం అంత హడలిపోయారు. కళ్లు మూసుకుని నేను చేసుకున్నదీ అదే. మూసిన రెప్పల వెనక సమాధి గోడలకు అంతు ఉండేది కాదు. తెరిచి చూసినప్పుడు అవి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో కనబడింది.

నోటుపుస్తకంలో మొదటి రోజు అంకె 85. అరగంటకు 40కి దిగింది. రెండో రోజు 80, మూడో రోజు 80. నాలుగో రోజు 65. ఆరో రోజు జలుబు చేసి ముక్కు దిబ్బడ వేసింది, ఆ రోజు అంకె 90, కిందికి దిగనేలేదు. నోటుపుస్తకం విసిరికొట్టాను. అంతా మొదటికొచ్చిందని తమ్ముడితో పోట్లాడాను, వాడు థెరపిస్టుగారు చెప్పినట్టే నోరు విప్పలేదు. మర్నాడు ఆవిడతో చెబితే, ఆ 90 కింద గీత గీసి, "ఇవాళ కూడా చూడండి" అన్నారు. చూశాను. 70. పదిహేనో రోజుకు 20. అప్పటికి ఆ ఘట్టంలో వెలుతురు ఏ వైపునుంచి పడుతోందో గమనించే తీరిక వచ్చింది నాకు.

కోలుకున్న కొన్నేళ్ల తర్వాత ఒక పరిశోధన గురించి చదివాను. భయానికి కీలకమైన అమిగ్డలా అనే భాగం మెదడులో రెండు వైపులా దెబ్బతిన్న ఒక మహిళ ఉంది. వైద్య గ్రంథాల్లో ఆమెను ఎస్.ఎం. అనే పొడి అక్షరాలతోనే పిలుస్తారు. పాములను చూపించినా, భయానక చిత్రాలు వేసి చూపించినా ఆమెకు భయం కలగలేదని 2011లో ప్రచురించారు. ఆమెకే, ఊపిరి ఆడనట్టు చేసే 35 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన గాలి ఒక్కసారి పీల్పిస్తే పానిక్ అటాక్ వచ్చిందని 2013లో వెల్లడించారు. ఏ సినిమాకూ చలించని మనిషి ఊపిరి దగ్గర అల్లాడిపోయింది. అది చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. బయటినుంచి వచ్చే భయం వేరు, ఒంటిలోంచి లేచే భయం వేరు. ఆ రోజు థియేటరులో నా చుట్టూ కూర్చున్న వందల మందికీ తెరమీది భయం అందింది, వాళ్లు అరిచారు, నవ్వుకున్నారు, ఇళ్లకు వెళ్లారు. నాలో రెండోది కూడా లేచింది. నా జబ్బుకు కారణం సినిమా కాదు. రెండేళ్లుగా నేను ఎవరి ముందూ ఏడవని ఏడుపు ఊపిరిలో ఇరుక్కుని ఉండగా, సినిమా ఆ చోట తాకింది. ఇది శాస్త్రం చెప్పిన మాట కాదు, నేను నమ్మే మాట.

ఇప్పటికీ ఎప్పుడైనా దడ వస్తుంది. ఏడాదికి ఒకటి రెండు సార్లు, ఎక్కువగా నాన్న పోయిన నెలలో. వచ్చినప్పుడు కూర్చుంటాను, ఏ పని చేస్తుంటే ఆ పనే చేస్తాను, పది నిమిషాల్లో పతాకస్థాయికి చేరి అదే దిగుతుంది.

మొన్న తమ్ముడు, వాడి భార్య, నేను కలిసి కొత్తగా వచ్చిన ఒక భయానక చిత్రానికి వెళ్లాం. వరుస మధ్యలో కూర్చున్నాను, ద్వారానికి దూరంగా. ఇంటర్వెల్ తర్వాత తెర చీకటైంది, ఎవరో తలుపు గోకుతున్న చప్పుడు వినిపించింది, గుండె గుభేలుమంది. అలవాటుకొద్దీ తమ్ముడు నా చెవి దగ్గరకు వంగాడు.

"చెప్పకురా, చూస్తున్నాను" అన్నాను.