హ్యాండ్‌బ్రేక్ లూజైందా? ముందు కేబుల్ జోలికి వెళ్ళకండి

వెనక డ్రమ్ బ్రేకులున్న చిన్న కార్లలో హ్యాండ్‌బ్రేక్ లివర్ లాగుతుంటే టక్కుటక్కుమని క్లిక్కులు వినిపిస్తాయి; మామూలుగా ఐదు నుంచి ఎనిమిది క్లిక్కుల్లో గట్టిగా పట్టాలి. మీ కారుకి ఎన్నో మాన్యువల్‌లో ఉంటుంది, అదే ఫైనల్. పది దాటిందంటే చాలా షెడ్లలో లివర్ కింద కేబుల్‌ని లాగి ఉంచే నట్టు బిగించి పంపేస్తారు. పట్టు వస్తుంది గానీ జబ్బు అలాగే ఉంటుంది.

లివర్ బాగా పైకి రావడానికి ఎక్కువగా కారణం షూలు (బ్రేకు వేస్తే డ్రమ్ముకి లోపలి నుంచి ఒత్తుకునే ముక్కలు) అరిగి డ్రమ్ముకి దూరమవడమే. ఆ సందు తగ్గించడానికి లోపల ఆటో అడ్జస్టర్ ఉంటుంది. కేబుల్ అతిగా బిగిస్తే షూకి ఉండే, కేబుల్ లాగే చిన్న లివరు తన స్టాపర్ మీద ఆనకుండా తేలిపోతుంది. దాంతో అడ్జస్టర్ సరిగా పనిచేయదు, అరిగినప్పుడల్లా మళ్ళీ నట్టే తిప్పాలి.

కాబట్టి చదునైన చోట ముందు చక్రాలకు అటూ ఇటూ చెక్కలు అడ్డం పెట్టి, వెనకవైపు లేపి స్టాండ్ల మీద నిలపండి. ఒక్క జాకీని నమ్ముకుని కింద చేతులు పెట్టొద్దు. గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ దించండి. కన్సోల్ కవర్ తీసి నట్టు వదులు చేయండి; చాలా కార్లలో 10 నంబరు పానా సరిపోతుంది. ఇంజన్ ఆన్ చేసి ఫుట్ బ్రేక్ పదిసార్లైనా గట్టిగా తొక్కండి. డ్రమ్ముల్లో టిక్కుమనే శబ్దం ఆగితే సందు సరిపోయినట్టే. ఆ తర్వాతే నట్టు కొంచెం కొంచెంగా బిగించాలి. లివర్ పూర్తిగా దించితే చక్రం చేత్తో తేలిగ్గా తిరగాలి, మాన్యువల్ చెప్పిన క్లిక్కుకి రెండూ లాక్ కావాలి.

ఒక చక్రమే పడుతోందంటే ఆ రెండో వైపు కేబుల్ తొడుగులో తుప్పు పట్టి ఇరుక్కుందేమో చూడండి. కేబుల్ మార్చాల్సిందే, నూనె పోస్తే నాలుగు రోజుల ముచ్చటే. క్లిక్కులు సరిగ్గానే ఉండి కారు జారుతుంటే డ్రమ్ము విప్పండి: వీల్ సిలిండర్ (ఫుట్ బ్రేక్ తొక్కితే బ్రేక్ ఆయిల్ ఒత్తిడితో షూలను తోసేది) కారి షూలు తడిసి ఉండొచ్చు. తడిసిన షూలు కడిగితే బాగుపడవు, రెండు వైపులా కొత్తవి వేయాలి. లోపలి దుమ్ముని మాత్రం గాలి కొట్టి ఊదకండి, తడిగుడ్డతో తుడవండి.

అంతా అయ్యాక ఐదారు కిలోమీటర్లు నడిపి, డ్రమ్ముల దగ్గర చేయి పెట్టి చూడండి, తాకొద్దు. ఒకవైపు సెగ ఎక్కువగా కొడుతుంటే అక్కడ షూ రాసుకుంటోంది. నట్టు అరచుట్టు వదలండి.